ఉరుముల దొర
జావా రాజమార్గ నిర్మాత డాండెల్స్ జీవితము

మార్గమును వేయించినవాని పేరు చరిత్రలో నిలుచును. ఆ మార్గమును త్రవ్వి, రాళ్ళు మోసి, దాని ప్రక్కనే కన్నుమూసినవారి పేరులు మాత్రము మట్టిలో కలిసిపోవును. జావా ద్వీపమున పడమటి కొసనున్న ఆన్యేర్ రేవునుండి తూర్పుననున్న పానారుకాన్ వరకు, సుమారు 1,000 కిలోమీటర్ల పొడవున ఒక రాజమార్గము కలదు. రెండు వందల సంవత్సరములకు పైబడినను నేటికిని ఆ ద్వీపవాసులు దానిని డాండెల్స్ మార్గమనియే పిలుచుచున్నారు. ఆ పేరు పలుకునప్పుడు వారి కంఠమున కృతజ్ఞత కొంత, కోపము కొంత కలిసియుండును.

హెర్మన్ విల్లెమ్ డాండెల్స్ జావాను పాలించినది మూడు సంవత్సరముల కాలము మాత్రమే. ఆ మూడేండ్లలో అతడు చేసిన మార్పులు అంతకు పూర్వము రెండు శతాబ్దములలో డచ్చివారు చేసిన మార్పులకంటె ఎక్కువని చెప్పవచ్చును. స్వదేశమున అతడు నిరంకుశత్వమును ఎదిరించి స్వాతంత్ర్యముకొరకు కత్తి పట్టిన విప్లవవీరుడు. పరదేశమున మాట కెదురాడినవారిని సహింపని నిరంకుశ ప్రభువు. ఒకే మనుష్యునియందు ఈ రెండు స్వభావములు ఎట్లు ఇమిడెనో తెలిసికొనవలెనన్న అతని జీవితమును మొదటినుండి పరిశీలింపవలెను.

హాట్టెమ్ నుండి ప్రవాసమునకు

హాలెండు దేశమున గెల్డర్లాండు రాష్ట్రములో ఐస్సెల్ నదీతీరమున హాట్టెమ్ అను చిన్న పట్టణము కలదు. 1762వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన డాండెల్స్ అచ్చట జన్మించెను. అతని కుటుంబము ఆ పట్టణ పరిపాలనలో పలుకుబడి కలది. గెల్డర్లాండు అను పేరు తెలుగువారికి పూర్తిగా క్రొత్తది కాదు. పులికాటు సరస్సు తీరమున డచ్చివారు పదునేడవ శతాబ్దమున కట్టిన కోటకు గెల్డ్రియా అని పేరు పెట్టిరి. అది ఈ రాష్ట్రము పేరే. మచిలీపట్టణము, పాలకొల్లు, జగన్నాథపురము, భీమునిపట్టణము మొదలగుచోట్ల డచ్చివారి వర్తకస్థానములు వెలసిన రోజులవి. ఈ తీరమున నేసిన వస్త్రములను ఓడలపై కొనిపోయి, తూర్పుదీవులలో వానికి బదులుగా మిరియము, లవంగము, జాజికాయ సంపాదించుట వారి వ్యాపారమునకు మూలసూత్రము.

డాండెల్స్ హార్డర్‌వైక్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి, 1783లో పట్టము పొంది, స్వగ్రామమున న్యాయవాదిగా స్థిరపడెను. ఆ కాలమున డచ్చి గణరాజ్యము పేరునకు గణరాజ్యమే కాని, స్టాడ్‌హోల్డరు అను వంశపారంపర్య పాలకుని చేతిలో అధికారమంతయు చిక్కియుండెను. దానిని సహింపని మధ్యతరగతివారు దేశభక్తులను పేరుతో ఒక పక్షముగా ఏర్పడిరి. పట్టణ పదవుల నియామకము విషయమున స్టాడ్‌హోల్డరు ఐదవ విలియముతో హాట్టెమ్ పౌరులకు వివాదము కలిగినప్పుడు, ఇరువదిమూడేండ్ల న్యాయవాది వారికి నాయకుడయ్యెను. 1786 సెప్టెంబరులో స్టాడ్‌హోల్డరు సైన్యము హాట్టెమ్‌పై దండెత్తెను. పౌరులు కొంత ప్రతిఘటించిరి కాని ఫిరంగులయెదుట నిలువలేకపోయిరి. మరుసటి సంవత్సరము ప్రష్యా సైన్యము స్టాడ్‌హోల్డరునకు తోడ్పడుటతో దేశభక్తుల పక్షము పూర్తిగా చెదరిపోయెను. వేలకొలది జనులతోపాటు డాండెల్సును ఫ్రాన్సుదేశమునకు పారిపోయెను.

ప్రవాసము అతనిని న్యాయవాదినుండి సైనికునిగా మార్చెను. ఫ్రెంచి విప్లవము చెలరేగగా, డచ్చి ప్రవాసులతో ఒక దళము ఏర్పడెను. డాండెల్స్ అందు చేరి, క్రమముగా ఫ్రెంచి సైన్యమున సేనానియయ్యెను. 1794–95 శీతకాలమున హాలెండు నదులన్నియు గడ్డకట్టెను. ఏ నదులు ఆ దేశమునకు శతాబ్దములుగా రక్షణ కవచములైయుండెనో, ఆ నదులే నాడు శత్రువులకు రాచబాటలైనవి. ఫ్రెంచి సైన్యముతోపాటు డాండెల్స్ ఆ మంచుపై నడచి స్వదేశమును ప్రవేశించెను. 1795 జనవరిలో ఐదవ విలియము సముద్రము దాటి ఇంగ్లండునకు పారిపోయెను. ఎనిమిదేండ్ల క్రిందట వెడలగొట్టబడినవాడు విజేతగా తిరిగివచ్చెను. బటేవియను గణరాజ్యము స్థాపింపబడెను. డాండెల్స్ దాని సైన్యమున లెఫ్టినెంట్ జనరల్ అయ్యెను.

ఖడ్గము రుచి

అచ్చటనే అతని జీవితమున ఒక మలుపు కానవచ్చును. క్రొత్త గణరాజ్యమునకు రాజ్యాంగము వ్రాయుటలో పక్షములు కలహించుచుండెను. 1798 జనవరిలో డాండెల్స్ ఒక పక్షమునకు సైనికబలముతో అధికారము కట్టబెట్టెను. వారి పాలన అతనికి నచ్చలేదు. ఐదు మాసములు కాకముందే, జూన్ 12వ తేదీన, అదే సైనికబలముతో వారిని తొలగించెను. వాదోపవాదములచేత నెలలకొలది తెగని చిక్కును కొన్ని పటాలములతో ఒక్క పూటలో త్రెంచవచ్చునని నాడతడు నేర్చుకొనెను. ఈ పాఠము అతనిని జీవితాంతము విడువలేదు.

1799లో ఆంగ్లేయులును రష్యనులును కలిసి హాలెండు తీరమున దిగినప్పుడు డాండెల్స్ వారినెదిరించి పోరాడెను. శత్రువులు చివరకు సంధి చేసికొని వెడలిపోయినను, ప్రారంభమున అతడు వెనుకంజ వేసెనని విమర్శలు పుట్టెను. కొలది కాలములో అతడు సైన్యమును విడిచి, హేర్డే ప్రాంతమున బీడుభూములను సాగుచేయుటకు పూనుకొనెను. చేతిలో ఖడ్గము లేనప్పుడు అతడు నాగలి పట్టెనే కాని ఊరక కూర్చుండలేదు.

1806లో నెపోలియను తన తమ్ముడైన లూయీ బొనపార్టును హాలెండునకు రాజును చేసెను. రాజులను ద్వేషించి విప్లవమున చేరిన డాండెల్స్ ఇప్పుడు ఒక రాజు కొలువున చేరెను. లూయీ అతనికి మార్షల్ బిరుదమిచ్చి, 1807లో తూర్పు ఇండియా దీవులకు గవర్నర్ జనరల్‌గా నియమించెను. అతనికొసగబడిన ప్రధానమైన ఆజ్ఞ ఒక్కటే: ఆంగ్లేయులు జావాను పట్టుకొనకుండ కాపాడవలెను.

కూలిన వ్యాపారసంస్థ, మిగిలిన ద్వీపము

ఆ ఆజ్ఞ ఎంత కఠినమైనదో తెలియుటకు నాటి స్థితిని గుర్తింపవలెను. రెండు శతాబ్దములు తూర్పు సముద్రములను ఏలిన డచ్చి ఈస్టిండియా కంపెనీ అప్పులలో మునిగి, 1799 డిసెంబరు 31తో అంతరించెను. దాని ఆస్తులును అప్పులును ప్రభుత్వపరమయ్యెను. సింహళము, కోరమాండల్ తీరమందలి స్థానములు అంతకుముందే ఆంగ్లేయుల వశమైయుండెను. 1806లో ఆఫ్రికా దక్షిణాగ్రమందలి కేప్ కాలనీయు పోయెను. ఆంగ్ల నౌకాధిపతి పెల్యూ 1806లో బటేవియా రేవునందును, 1807లో సురబాయ సమీపమునందును మిగిలియున్న డచ్చి యుద్ధనౌకలను నాశనము చేసెను. సముద్రమున ఓడలు లేక, ఖజానాలో ధనము లేక, స్వదేశమునుండి సహాయము వచ్చు దారి లేక జావా ఒంటరియై యుండెను.

శత్రు నౌకల కన్నుగప్పి డాండెల్స్ మారుపేరుతో ప్రయాణము చేసి, 1808 జనవరిలో ఆన్యేర్ తీరమున దిగెను. అతని వెంట సైన్యము లేదు, నౌకాదళము లేదు. ఉన్నది అధికారపత్రమును, అంతులేని పట్టుదలయు మాత్రమే. పాత కంపెనీ ఉద్యోగులు క్రొత్త దొరను చూచి కొలది దినములలోనే గడగడ వణకిరి. జావా ప్రజలు అతనిని కోపిష్ఠి దొర అను అర్థముతో మాస్ గాలాక్ అనిరి. ఉరుముల మార్షల్ అను అర్థముతో మార్షల్ గుంతూర్ అనిరి. ఆ భాషలో గుంతూర్ అనగా ఉరుము. తెలుగుదేశపు గుంటూరునకును ఆ మాటకును చెవికి తోచు పోలికయే కాని సంబంధము లేదు.

పరిపాలనా సంస్కరణలు

అతని మొదటి దెబ్బ లంచగొండితనముపై పడెను. కంపెనీ కాలమున ఉద్యోగుల జీతములు స్వల్పములు, పైరాబడులు అనల్పములు. డాండెల్స్ కానుకలను నిషేధించి జీతములను స్థిరపరచెను. ఉత్తరతీరమున ఒక చిన్న రాజ్యమువలె సాగుచున్న ఈశాన్య తీర గవర్నరు పదవిని 1808లోనే రద్దుచేసెను. ఆ పదవిని పోగొట్టుకొన్న నికొలస్ ఎంగెల్‌హార్డ్ ఆజన్మాంతము అతనికి శత్రువయ్యెను. ద్వీపమును మండలములుగా విభజించి, ఒక్కొక్క మండలమున ఒక్కొక్క అధికారిని నియమించెను. బుపాతులనబడు స్థానిక ప్రభువులు అంతవరకు సామంతులవలె నుండిరి. వారిని ప్రభుత్వోద్యోగులుగా మార్చెను. స్థానికుల వ్యాజ్యములను వారి ఆచారముల ననుసరించి విచారించుటకు న్యాయస్థానములను ఏర్పరచెను.

పాత బటేవియా నగరము మురికి కాలువలతో, జ్వరములతో యూరోపియనుల శ్మశానమని పేరుపడియుండెను. డాండెల్స్ పాత కోటను, ప్రాకారములను పడగొట్టించి, ప్రభుత్వ కార్యాలయములను దక్షిణమున మెట్టప్రదేశమైన వెల్తెవ్రేదెన్‌కు తరలించెను. పడగొట్టిన కోట రాళ్ళతోనే అచ్చట నొక గొప్ప సౌధమునకు పునాది వేయించెను. అది 1828లో పూర్తియైనది. నేటి జకార్తా నగరమునకు నడిబొడ్డు ఆ ప్రదేశమే. సైన్యమున స్థానికులను విశేషముగా చేర్చెను. సురబాయలో ఆయుధశాల పెట్టించెను. బటేవియా సమీపమున మేస్తర్ కోర్నెలిస్ వద్ద బలమైన దుర్గస్థానమును నిర్మించెను.

రాజమార్గము

ఇన్ని పనులలో అతని పేరు శాశ్వతము చేసినది రాజమార్గము. సముద్రము ఆంగ్లేయుల చేతిలో నున్నందున, ద్వీపములో ఒక చివరనుండి మరియొక చివరకు సైన్యమును నడిపించుటకు భూమార్గము తప్ప గత్యంతరము లేదు. ఉన్న త్రోవలు వర్షకాలమున బురదగుంటలు. 1808 మే నెలలో డాండెల్స్ బోగోర్‌నుండి చిరెబోన్ దిశగా మార్గమును వేయుటకు ఉత్తరువు చేసెను. క్రమముగా అది పడమట ఆన్యేర్, తూర్పున పానారుకాన్ వరకు విస్తరించెను. బోగోర్ దాటి పుంచాక్ కనుమ నెక్కి, చియాంజూర్, బాండుంగ్, సుమెదాంగ్‌ల మీదుగా దిగి, చిరెబోన్ వద్ద సముద్రతీరము చేరి, సెమరాంగ్, సురబాయలను కలుపుచు ఆ మార్గము సాగెను. మహారణ్యములను నరికి, కొండలను తొలిచి, చిత్తడినేలలను పూడ్చి, సుమారొక్క సంవత్సర కాలములో ముఖ్యభాగమంతయు పూర్తిచేసిరి. దారి పొడవునను గుర్రములు మార్చు మజిలీలు వెలసెను. వారముల తరబడి సాగెడి బటేవియా–సురబాయల ప్రయాణము కొన్ని దినముల ప్రయాణమయ్యెను.

ఈ వేగమునకు మూల్యము చెల్లించినది జావా రైతు. తొలిభాగమున కూలి చెల్లించుటకు ఖజానానుండి కొంత ద్రవ్యము కేటాయింపబడెనని కొందరు చరిత్రకారులు చూపుచున్నారు. ఆ ద్రవ్యము తరిగిపోగా, మిగిలిన మార్గమంతయు వెట్టిచాకిరితోనే సాగెను. ప్రతి బుపాతికిని తన హద్దులలోని భాగమును గడువులోపల పూర్తిచేయవలెనని ఆజ్ఞ. గడువు తప్పినచో శిక్ష. బుపాతి భయము గ్రామాధికారికి, గ్రామాధికారి భయము రైతునకు దిగజారెను. పొలమున నాట్లు వేయవలసిన చేతులు కొండపై రాళ్ళు పగులగొట్టెను. చలి, ఆకలి, విషజ్వరము కలిసి కూలీలను కబళించెను. చనిపోయినవారు సుమారు 12,000 మంది అని ఆంగ్లేయుల లెక్కలు చెప్పుచున్నవి. ఇంతయు జరిగిన పిదప, సామాన్యుల బరువు బండ్లు ఈ మార్గమును పాడుచేయునను నెపమున చాలకాలము వానిని ప్రక్కత్రోవలకు మళ్ళించిరి. దారి వేసినవాడు దారికి దూరమయ్యెను.

సుమెదాంగ్ దగ్గర ఒక రాతికొండను తొలుచుటలో జనులు విశేషముగా మరణించిరి. అచ్చటి ప్రభువైన కుసుమదినతను గూర్చి ఒక జనశ్రుతి కలదు. తనిఖీకి వచ్చిన డాండెల్స్ చేయి చాపగా, ఆ ప్రభువు ఎడమచేతిని అందించి, కుడిచేతిని తన కత్తిపిడిపై నుంచెనట. ఈ కథకు ఆధారము ప్రజల నోటిమాటయే. కాని ప్రజలు తమ ప్రభువు ఏమి చేసియుండవలెనని కోరుకొనిరో అది తెలుపుచున్నది. ఆ ఘట్టమును చూపు విగ్రహము నేడు ఆ దారి మలుపున నిలిచియున్నది.

సుల్తానులతో వైరము

పడమట బాంతెన్ రాజ్యమున నౌకాశ్రయ నిర్మాణమునకు డాండెల్స్ సుల్తానును వేయిమంది కూలీలను పంపుమని నిర్బంధించెను. ఆ చిత్తడి అడవులకు పోయినవారు జ్వరములతో చచ్చుచుండగా, తక్కినవారు పారిపోయిరి. ఒత్తిడి హెచ్చగా 1808 నవంబరులో బాంతెన్ ప్రజలు తిరుగబడి డచ్చి ప్రతినిధియైన ద్యు ప్వీని చంపిరి. డాండెల్స్ స్వయముగా సైన్యముతో వచ్చి సురోసోవాన్ కోటను పట్టుకొని, మంత్రిని కాల్పించి, సుల్తానును అంబోన్ దీవికి ప్రవాసమంపెను. శతాబ్దముల పేరుగల మిరియాల రాజ్యము ఆ దెబ్బతో మరి కోలుకొనలేదు.

మధ్య జావాలోని యోగ్యకర్త, సురకర్త సంస్థానములలో డచ్చి రెసిడెంటులు పూర్వాచారము ననుసరించి, సభలో సుల్తానుకంటె తక్కువ ఆసనమున కూర్చుండి, తాంబూలము అందించుచుండిరి. డాండెల్స్ 1808 జూలైలో ఒక శాసనముచేత ఈ మర్యాదలన్నిటిని రద్దుచేసెను. ఇకపై రెసిడెంటు ప్రభుత్వ ఛత్రము క్రింద నడచును. సుల్తానుతో సమానమైన ఎత్తున కూర్చుండును. సుల్తాను లేచి అతనికి స్వాగతమీయవలెను. కంపెనీ వర్తకుల దృష్టిలో ఆసనపు ఎత్తు స్వల్పవిషయము. జావా ప్రజల దృష్టిలో అది రాజ్యముయొక్క ప్రాణము. సురకర్త ప్రభువు నొచ్చుకొనియు అంగీకరించెను. యోగ్యకర్త ప్రభువైన రెండవ హమెంగ్కుబువొనో అంగీకరింపలేదు. అతని బంధువైన రాదెన్ రొంగొ 1810లో తిరుగుబాటు చేసి, డిసెంబరులో పోరాడుచు మరణించెను. ఆ నెల ముగియకముందే డాండెల్స్ సైన్యముతో యోగ్యకర్త ప్రవేశించి, సుల్తానును తొలగించి, అతని కుమారుని పాలకునిగా నిలిపెను.

నాటి అవమానమును రాజభవనమున కన్నులార చూచిన యువకుడొకడుండెను. అతడు ఆ సుల్తాను మనుమడు దీపొనెగొరో. పదునైదేండ్ల తరువాత, 1825లో, అతడు డచ్చివారిపై ఎత్తిన యుద్ధము ఐదేండ్లు సాగి, సుమారు రెండు లక్షల జావా ప్రజలను బలిగొనెను. దీపొనెగొరో సేనానులలో ప్రసిద్ధుడైన సెంతోత్ రాదెన్ రొంగొ కుమారుడే.

ధనము, అపకీర్తి

స్వదేశమునుండి ధనము రానందున డాండెల్స్ ఖజానా నింపుటకు అనేకోపాయములు పన్నెను. కాఫీ తోటలను విశేషముగా పెంచి, రైతులచేత నిర్బంధముగా సాగుచేయించెను. కంపెనీని అవినీతికై దూషించినవాడే దాని నిర్బంధ సేద్యమును మాత్రము వదలలేదు. పైగా భూములను గ్రామములతో, ప్రజలతో సహా విక్రయించెను. తూర్పున ప్రోబోలింగో మండలమును 1810లో హాన్ కిక్ కో అను చీనా ధనికునికి పది లక్షల రిక్స్‌డాలర్లకు అమ్మెను. వాయిదాల సొమ్ము చేతికందకముందే దానిని ఆధారముగా చేసికొని కాగితపు నాణెమును ముద్రించెను. దాని విలువ త్వరలోనే పడిపోయెను. క్రొత్త భూస్వామి వాయిదాల సొమ్మును రైతులనుండి పిండుటకు మొదలిడగా, 1813లో వారు తిరుగబడి అతనిని చంపిరి. బోగోర్ వద్దనున్న ప్రభుత్వపు ఎస్టేటును స్వంతము చేసికొని, భాగములుగా విక్రయించి డాండెల్స్ ధనార్జన చేసెననునది అతనిపై మోపబడిన నేరములన్నిటిలో బరువైనది. లంచగొండులను దండించినవానికి ఈ మచ్చ విడువరానిదయ్యెను.

1810లో నెపోలియను హాలెండును ఫ్రాన్సులో కలిపివేసెను. 1811 ఫిబ్రవరిలో డాండెల్స్ బటేవియాపై ఫ్రెంచి పతాకము నెత్తెను. కాని అప్పటికే అతనిపై ఫిర్యాదులు పారిసు చేరియుండెను. ఆ మే నెలలో యాన్సెన్స్ అను సేనాని అతని స్థానమునకు వచ్చెను. ఐదేండ్లక్రిందట కేప్ కాలనీని ఆంగ్లేయులకు అప్పగింపవలసివచ్చినవాడితడే. విధి అతనికి అదే పనిని మరల ఒప్పగించెను. చెన్నపట్టణము, కలకత్తా రేవులనుండి బయలుదేరిన ఆంగ్ల సైన్యము 1811 ఆగస్టు 4వ తేదీన జావాలో దిగెను. అందు భారతీయ సిపాయిలు పెద్దసంఖ్యలో నుండిరి. ఆగస్టు 26వ తేదీన మేస్తర్ కోర్నెలిస్ దుర్గము పడిపోయెను. సెప్టెంబరులో యాన్సెన్స్ లొంగిపోయెను. శత్రువును అడ్డుటకై వేసిన రాజమార్గము శత్రువునకే ఉపయోగపడెను.

ఆ దండుతో వచ్చినవారిలో తెలుగువారెరిగిన ప్రముఖుడొకడు కలడు. అతడు కావలి సోదరుల సహాయమున ఆంధ్రదేశపు గ్రామ కైఫీయతులను సేకరించిన కాలిన్ మెకంజీ. 1811నుండి 1813వరకు అతడు జావాలోనుండి, భూమిహక్కులను విచారించు సంఘమునకు అధ్యక్షత వహించుచు, అచ్చటి వ్రాతప్రతులను, ప్రాచీన శిథిలములను గూర్చిన వివరములను సేకరించెను.

మంచు నుండి మండుటెండకు

యూరపునకు తిరిగివచ్చిన డాండెల్సును నెపోలియను 1812 రష్యా దండయాత్రకు పంపెను. మార్షల్ విక్టరు క్రింద ఒక దళమునకు నాయకుడై, బెరెజినా నదివద్ద వెనుదిరుగుచున్న సైన్యమును కాపాడు పోరులో పాల్గొనెను. పిదప పోలెండులోని మోడ్లిన్ కోటను 1813 చివరవరకు నిలబెట్టి, అన్నము కరవై లొంగిపోయెను. నెపోలియను పతనమైన తరువాత, తాను దేశమునుండి తరిమిన ఐదవ విలియముని కుమారుడే హాలెండు పాలకుడై యుండగా, అతని కొలువునకు దరఖాస్తు పెట్టుకొనవలసివచ్చెను. తన జావా పాలనను సమర్థించుకొనుచు 1814లో ఒక బృహద్గ్రంథమును ప్రకటించెను. ఎంగెల్‌హార్డ్ దానిని ఖండించుచు మరియొక గ్రంథము వ్రాసెను.

క్రొత్త రాజు అతనిని జావాకు పంపలేదు. పశ్చిమాఫ్రికాలోని గినీ తీరమునకు గవర్నర్ జనరల్‌గా పంపెను. 1816 మార్చిలో డాండెల్స్ ఎల్మినా కోట చేరెను. 1482లో పోర్చుగీసువారు కట్టి, 1637లో డచ్చివారు గెలుచుకొన్న ఆ కోట చీకటి కొట్లలోనుండి లెక్కలేనంతమంది ఆఫ్రికనులు బానిసలై ఓడలెక్కిరి. 1814లో హాలెండు ఆ వ్యాపారమును నిషేధించెను. మనుష్యులను అమ్మి బ్రతికిన తీరము ఇక దేనితో బ్రతుకవలెననునది డాండెల్స్ ఎదుటనున్న ప్రశ్న. అతని సమాధానము పాతదే: దారి వేయవలెను, తోటలు పెంచవలెను. ఎల్మినానుండి అశాంతి రాజ్యపు రాజధానియైన కుమాసివరకు రాజమార్గమును వేయ సంకల్పించి, డచ్చి తండ్రికి, ఆఫ్రికను తల్లికి జన్మించిన హైడెకోపర్ అను ఉద్యోగిని అశాంతి ప్రభువైన ఒసెయ్ బోన్సువద్దకు రాయబారమంపెను. ఆ రాయబారము సుమారొక సంవత్సరము సాగెను. కాని ఈసారి బుపాతులు లేరు, వెట్టికి తరలివచ్చు గ్రామములు లేవు. ఆజ్ఞాపించుటకు వీలులేక బ్రతిమాలవలసివచ్చిన చోట డాండెల్స్ పథకము కాగితముపైననే నిలిచిపోయెను. స్వంత తోటయు, వ్యాపారమును నడుపుచు ప్రభుత్వకార్యమును స్వార్థముతో కలిపెనను అపవాదు అచ్చటను అతనిని వెంటాడెను. 1818 మే 2వ తేదీన జ్వరపీడితుడై ఎల్మినాలో మరణించెను. అప్పటికతనికి 55 సంవత్సరములు. అతని సమాధి ఆ ఊరి డచ్చి శ్మశానమున కలదు.

అతడు ఏలిన రెండు తీరములును అతని తరువాత మరియొక రీతిగా కలిసికొనెను. 1831నుండి 1872వరకు సుమారు 3,000 మంది ఆఫ్రికను సైనికులను ఎల్మినానుండి జావా సైన్యమునకు కొనిపోయిరి. ఉద్యోగకాలము ముగించి తిరిగివచ్చినవారు నివసించిన గుట్టకు ఎల్మినాలో నేటికిని జావా గుట్టయను పేరు కలదు.

చరిత్ర తీర్పు

డాండెల్సును కేవలము క్రూరుడనుట సులభము. ఆధునిక జావాకు పునాది వేసినవాడనుటయు సులభమే. రెండును నిజములే యగుటవలన తీర్పు కష్టమగుచున్నది. లంచములను అసహ్యించుకొన్నవాడు భూములను అమ్ముకొనెను. వంశపారంపర్యాధికారమును ధిక్కరించినవాడు తన ఆజ్ఞను ధిక్కరించినవారిని కాల్పించెను. అతని ఊహలో స్వాతంత్ర్యము అను మాట హాలెండు సరిహద్దు దాటలేదు. హాట్టెమ్ పౌరునకు తన పట్టణమును తానే పాలించుకొను హక్కు కలదని పోరాడిన అతనికి, బాంతెన్ రైతునకును ఆ హక్కే కలదని తోచలేదు. ఇది అతనియొక్కని లోపము కాదు; ఆ యుగమందలి యూరపు స్వాతంత్ర్యవాదులలో అనేకుల లోపము. ఐనను లోపము పదిమందిలో నుండుటచే నేరము తగ్గదు. దాని క్రింద నలిగినవారి సంఖ్య పెరుగును.

డాండెల్స్ మార్గముపై నున్న బాండుంగ్ నగరము 1810 సెప్టెంబరు 25వ తేదీని తన జన్మదినముగా జరుపుకొనును. ఊరిని రాజమార్గము ప్రక్కకు మార్చవలెనను ఉత్తరువు వెలువడిన దినమది. ఆ నగరములో ఆ మార్గముపైననే స్వాతంత్ర్యభవనమను అర్థముగల ఒక సభాభవనమున్నది. 1955 ఏప్రిలులో ఆసియా, ఆఫ్రికా ఖండములకు చెందిన 29 దేశముల ప్రతినిధులు అందు సమావేశమైరి. నెహ్రూ మొదలుగాగల నాయకులు జనుల జయధ్వానముల నడుమ ఆ దారివెంట నడచి సభకు పోయిరి. ఆతిథ్యమిచ్చిన ఇండొనీషియా డాండెల్స్ ఏలిన మొదటి దేశము. అతిథులలో గోల్డ్ కోస్టు అతడు మరణించిన దేశము. రెండేండ్లకు, 1957లో, అది ఘనాయను పేరుతో స్వతంత్రమయ్యెను. ఆ వీథికి నేడు ఆసియా–ఆఫ్రికా వీథియని పేరు.

మూడేండ్ల పాలకుడు సైన్యములకొరకు వేయించిన దారిపై, అతడు పాలితులనుగా మాత్రమే ఎరిగిన రెండు ఖండముల ప్రజలు స్వతంత్రులై నడచిరి. దారి మీద పేరు మారినది. క్రింద పరచిన రాళ్ళు మాత్రము నాటివే. వానిని మోసిన చేతులను తలచుకొనుట ఆ దారిన నడచు ప్రతివానికిని విధియైయున్నది.